దండచేతికి కట్టిన రూపాయి

కళ్లజోడు మార్పించుకుందామని మొన్న వనపర్తికి వెళ్లాను. బస్టాండు బయట, చెరకురసం బండి పక్కన, ఒక కుర్రవాడు నల్లగుడ్డ పరిచి పాత నాణేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో రైతు మొలలోంచి ఒక వెండి రూపాయి తీసి అతని చేతిలో పెట్టాడు. కుర్రవాడు భూతద్దం కింద దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు మీద గోరు నడిపించి, "బాగ అరిగింది పెద్దాయనా. అక్షరాలు పోయినయి. గీ పోట్లు చూడు, సరాఫులు గుచ్చినయి. ఎక్కువ రాదు" అన్నాడు. రైతు ముఖం చిన్నబోయింది.

నేను చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి గమనిస్తే నా ఎడమచేయి కుడి దండచేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఊరి బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఎక్కలేకపోయాను.  ఈ వయసులో ఇంకా ఆ భయం మిగిలి ఉంటుందని అనుకోలేదు.

మాది గద్వాల. కోటగోడకు కొంచెం దూరంగా సాయిబుల గల్లీలో మా ఇల్లు. నాన్న పండ్ల వ్యాపారి. ఏటా ఎండలు ముదరకముందే కృష్ణ దాటి కొల్లాపూర్ పోయి, అక్కడ ఒక మామిడితోట గుత్తకు పట్టేవాడు. పిందె గోలీకాయంత ఉన్నప్పుడు పోయిన మనిషి తొలకరి పడ్డాకే తిరిగి వచ్చేవాడు. ఆయన వచ్చిన రోజు ఇల్లంతా గడ్డి వాసన, మాగిన పండు వాసన. మంచాల కింద వరిగడ్డి పరిచి పండ్లు పేర్చేవారు. మాగాయో లేదో చూద్దామని నేను మంచం మీద బోర్లా పడుకుని, చేయి కిందికి జార్చి, అందిన పండునల్లా బొటనవేలితో నొక్కేవాడిని. నొక్కినచోట మర్నాటికి నల్లమచ్చ తేలేది.

"ఏలు పెట్టిన పండు ఎవడు కొంటడురా? ఇగ నువ్వే తిను, కడుపు పగిలేదాంక తిను," అని నాన్న తిట్టేవాడు. తిట్టు తినడానికే నొక్కేవాడినని ఆయనకూ తెలుసు.

పండ్ల బండ్లతో పాటు తోట కాపలా కుర్రవాడొకడు వచ్చేవాడు. తిమ్మాజిపేట వాడు, నాకంటే అయిదారేళ్లు పెద్ద. తండ్రి లేడు, తల్లికి ఒక్కడే కొడుకు. చిలుకలను తోలడానికి వడిసెల తిప్పడంలో వాడంత వాడు లేడు. ఒకసారి నాకు నేర్పుతానని గల్లీలో నిలబెట్టాడు. నా రాయి పోయి ఎదురింటి నీళ్లకుండకు తగిలింది. ఎదురింటామె అరుచుకుంటూ బయటికి వచ్చేసరికి వాడు నా చేతిలోంచి వడిసెల లాక్కుని, "నేనే అమ్మా, చెయ్యి జారింది" అన్నాడు. ఆమె చీపురుతో కొడుతుంటే నవ్వుతూనే ఉన్నాడు. మా గడపలో కూర్చుని దాదీ చేసిన జొన్నరొట్టె, పుంటికూర ఎంత పెడితే అంత తినేవాడు.

దాదీ అంటే నాన్నకు తల్లి. వడ్డేపల్లి దగ్గరి పల్లె మనిషి. ఉర్దూ ఆమెకు సలాము దాకానే. తిట్టాలన్నా ముద్దుచేయాలన్నా తెలుగే. ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు. నాన్న ప్రయాణం పోయేటప్పుడు ఇమామ్ జామిన్ కట్టేది ఆమే. ప్రయాణికుడి కుడి దండకు పచ్చగుడ్డలో ఒక నాణెం చుట్టి కట్టడం మా వాళ్ల అలవాటు. ఆ మనిషిని ఇమాముగారి పూచీ మీద పంపుతున్నామన్నమాట. క్షేమంగా ఇల్లు చేరాక ముడి విప్పి ఆ నాణెం బీదవాళ్లకు ఇచ్చేయాలి. మా ఇంట్లో దాదీయే కట్టేది, దాదీయే విప్పేది. మరుసటి జుమేరాత్ నాడు, అంటే గురువారం, గోధుమరొట్టె, బెల్లం కలిపిన మలీదా చేసుకుని దర్గాకు పోయి, అందరి ఎదుట మెట్ల మీది ఫకీరు చేతిలో పెట్టేది.

ఏటా అణానో రెండణాలో కట్టేది. ఆ ఏడు మాత్రం అణా పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

అంతకుముందు వానాకాలం నది ఒడ్డు ఊళ్లలో గత్తర లేచింది. కలరాను మా వైపు గత్తర అనేవాళ్లం. ఎండలు మొదలయ్యేసరికి మళ్లీ లేచిందని మాట వచ్చింది. మా అరుగు మీద ఆడవాళ్లు చేరి గొంతులు తగ్గించి మాట్లాడుకునేవారు.

"పొద్దుగాల బాగనే ఉండెనట. పొద్దుగూకెటాళ్లకు తీస్కపోయిండ్రట."

"నీళ్లల్ల వస్తదంటరు."

"నీళ్లల్ల గాదు, పేరు వెట్టి పిలిస్తె వస్తదట. ఎవ్వలు పిలిచినా మొదటి పిలుపుకు పలుకొద్దు."

ఆ మాట విన్నాక చాలా రోజులు నేను అమ్మ పిలిచినా వెంటనే పలకలేదు. వీపు మీద రెండు పడేవి.

నాన్న మరునాడు ప్రయాణమనగా, దాదీ తన పెట్టె అడుగునుంచి ఒక రూపాయి తీసింది. పెళ్లిలో తాత ఆమెకు ఇచ్చిన మెహర్ డబ్బులో మిగిలిన ఆఖరి రూపాయి అది. ఎప్పుడో సంస్థానం టంకసాలలో చేత్తో కొట్టిన నాణెం. మందంగా, పూర్తిగా గుండ్రంగా లేకుండా, రొట్టె ముక్కలా ఉంది. ఫార్సీ అక్షరాలు సగం అంచు దాటి బయటికి పోయినట్టున్నాయి. దాదీ దాన్ని కళ్లకద్దుకుని పచ్చగుడ్డలో ముడివేసి, గోడగూట్లో ఖురాను పక్కన పెట్టింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నాకు నాణేల పిచ్చి. మా గల్లీ చివర బజారులో ఒక సరాఫు శేటు ఉండేవాడు. అప్పుడు మా దగ్గర నిజాం హాలీ రూపాయి నడిచేది, ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి కూడా వచ్చేది. అరిగిన నాణేనికి తరుగు కింద ఎంత బట్టా తీసేయాలి, ఏది మంచి ఖరా నాణెం, ఏది దొంగ ఖోటా నాణెం అని తేల్చడం శేటు పని. ఆయన దుకాణం ముందు గంటల తరబడి నిలబడి, రాతి మీద నాణెం వేస్తే వచ్చే మోత చెవిలో పట్టుకున్నాను. గల్లీ పిల్లలు దొరికిన డబ్బునల్లా నా దగ్గరికి తెచ్చేవారు. నేను కళ్లు మూసుకుని మోత విని తీర్పు చెప్పేవాడిని. నాకంత గర్వం.

"దాదీ, దీని ఖీమత్ ఎంతుంటది? శేటుకు చూపిచ్చుకొస్త," అన్నాను.

దాదీ ముఖం మారిపోయింది. "తోబ, తోబ! అల్లా పేరు మీద ముడేసినంక ఖీమత్ కడ్తరా? బుద్ధుందా నీకు? దాన్ని ముట్టొద్దు."

ముట్టొద్దన్నందుకే ముట్టాననుకుంటారు ఎవరైనా. అంత అమాయకంగా ఏం కాదు. పాత సంస్థానం రూపాయికి రెండు రూపాయలు ఇచ్చేవాళ్లున్నారని శేటు ఎవరితోనో అంటుంటే విన్నాను. ఈ ఇంట్లో ఎవరికీ తెలియని విలువ నాకొక్కడికే తెలియాలి. నాకు డబ్బు కాదు, ఆ తెలివి కావాలి. తెల్లవారి నాన్న దర్జీ దగ్గరికి పోయినప్పుడు ముడి విప్పాను. నాన్న మధ్యాహ్నం నమాజు అయ్యాక బయల్దేరుతానని చెప్పాడు. అంతలో పోయి రావచ్చు.

ముడి ఖాళీగా కనిపించకూడదు కదా. నా దగ్గర ఒక ఖోటా రూపాయి ఉంది. పోయినేడు పండ్ల బేరంలో ఎవరో నాన్నకు అంటగట్టిన సీసపు బిళ్ల. మరొకరు మోసపోకుండా నాన్న దాని మీద కత్తితో అడ్డంగా గీత గీసి, ఆడుకొమ్మని నాకిచ్చాడు. దాన్ని పచ్చగుడ్డలో పెట్టి, దాదీ వేసినట్టే ముడివేశాను.

శేటు అప్పుడే దుకాణం తెరిచి గంధపు బొట్టు పెట్టుకుంటున్నాడు.

"ఏం చిన్న సాయిబూ, పొద్దుగాల్నే నిజాము ఖజానా దోచుకొచ్చినవా?"

రూపాయి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ముందు దాన్ని చూడలేదు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వీధి వైపు చూస్తూ మెల్లగా రుద్దాడు. తర్వాత చిన్న త్రాసులో ఒకవైపు వేసి, మరోవైపు మంచి రూపాయి వేశాడు. మా రూపాయి ఉన్న తట్ట పైకి లేచింది. రాతి మీద వేశాడు. మోత బాగానే ఉంది కానీ పొట్టిగా తెగిపోయింది. అప్పుడు అంచు మీద గోరు నడిపించి, వెలుతురుకు తిప్పి ముఖం చూశాడు.

"కొట్టిన దినం ఇది మంచి రూపాయే. కని చేతులు మారీ మారీ అరిగింది. అంచు ఎవడో ఆకురాయితోని గీకిండు, చూడు, ఈడ మెరుస్తుంది. ఇగ గివి పోట్లు. నమ్మనోడల్ల లోపల ఏముందోనని ఒక పోటు పొడిచిండు. పొడిచినప్పుడల్ల జర ఎండి పోతది, జర ఇజ్జత్ పోతది. పన్నెండు పదమూడణాలు. గంతకన్న ఎవ్వడియ్యడు."

"అక్షరాలు కనవడితె రెండు రూపాలంటివి గద?"

"ఏడున్నయిరా అక్షరాలు? సగం టంకసాలల్నే ఉన్నయి." నవ్వాడు. అంతలో నవ్వు ఆపి, "ఎవరిదిది? మీ అబ్బ పంపిండా?" అన్నాడు.

అబద్ధం నోటికి రాలేదు. "మా దాదీ మెహర్ రూపాయి. ఇయ్యాల అబ్బాజాన్ దండకు కడుతది."

శేటు నాణేన్ని నిప్పుకణికలా గుడ్డ మీద పడేశాడు. "ముడుపు పైసనారా? ముడుపు పైస తూకంల ఏపిస్తివా నాతోని? నీకెట్ల లేకపోతె నాకన్న భయముండొద్దా! పో, మొదలు తీస్కపో. మొక్కిన పైసకు ఖీమత్ కడితె..." అని ఆగిపోయి, చేతులు కడుక్కోవడానికి చెంబు వెతుక్కున్నాడు.

కడితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఆ సగం మాట పూరించుకోవడానికే ఆ ఎండాకాలమంతా గడిచింది.

ఇంటికి వచ్చేసరికి గడపలో నీళ్లు చల్లి ఉన్నాయి. దాదీ తలుపు చెక్క పట్టుకుని వీధి చివరికి చూస్తోంది.

"ఏడికి పోయినవురా? మీ అబ్బ నీకోసం నిలవడీ నిలవడీ పోయె. గాలి లేవకముందే నది దాటాలెనని బండ్లోల్లు తొందర పెట్టిండ్రు."

"కట్టినవా దాదీ?"

"కట్టకుంట పంపుతనా?"

పరుగెత్తాను. ఊరి బయట, బీచుపల్లి రేవుకు పోయే బాట మీద, చింతచెట్ల అవతల బండి కనిపించింది. నాన్న వెనక కూర్చుని కాళ్లు వేలాడేశాడు. కుడి దండ మీద పచ్చగా ముడి. "అబ్బాజాన్" అని ఒక్క కేక వేస్తే ఆగేదే. నా పిడికిట్లో అసలు రూపాయి ఉంది. కేక వేస్తే ఎందుకు వచ్చావని అడుగుతారు. బండివాళ్లందరి ముందు చెప్పాలి. తన్నులు తినాలి. నాన్న నన్ను చూసి చేయి ఊపాడు, వీడ్కోలు చెప్పడానికి వచ్చాననుకుని. నేను కూడా చేయి ఊపాను. అదే చేయి, రూపాయి పట్టుకున్న చేయి.

 మా ఇంటి వెనక మేకల దొడ్డి గోడ కంతలో రూపాయి దాచాను. రోజుకు ఎన్నిసార్లో పోయి చూసుకునేవాడిని. మేకపెంటిక వాసన వస్తే నాకు ఇప్పటికీ నాలుక ఎండుతుంది. గత్తర వార్త వచ్చినప్పుడల్లా అరుగు మీద ఆడవాళ్లు దాదీని చూసి జాలిపడేవారు.

"కొల్లాపూర్ దిక్కే జోరుగ ఉన్నదట గదనే. నీ కొడుకు కబురేమన్న వచ్చెనా?"

"వచ్చుడెందుకు? నేను అణా పైస కట్టలే, నా మెహర్ కట్టిన. ఇమాము సాబు చూస్కోడా?" అనేది దాదీ నిబ్బరంగా, తమలపాకుకు సున్నం రాసుకుంటూ.

 ఇమాముగారి పూచీకి సీసపు బిళ్ల పెట్టిన మాట ఆమెకు తెలియదు. ఆయనకు తెలుసు.

చివరికి ఒక ఉపాయం తోచింది. దాదీ పాత ఓణీ చింపి, అసలు రూపాయిని నా దండకే కట్టుకున్నాను, అంగీ చేతి లోపల. నాది నాన్న రక్తమే కదా, ఇక్కడ కడితే అక్కడికి అందదా అనుకున్నాను. స్నానానికి విప్పలేదు. చెమటకు గుడ్డ తడిసి, కింద చర్మం పొక్కి దురద పెట్టేది. గీరుకోకుండా ఉంటే ఆ నొప్పి కూడా లెక్కలోకి వస్తుందేమోనని ఓర్చుకునేవాడిని.

ఆకాశం నల్లబడింది. మొదటి వాన పడింది. పైన ఎక్కడో పెద్ద వానలు పడ్డాయని, నది ఎర్రగా వస్తోందని కబురు. ఒక మధ్యాహ్నం బీచుపల్లి నుంచి వచ్చిన ఉప్పు బండివాడు మా గడప ముందు ఆగాడు.

"పెద్దమ్మా, మీ సాయిబు అవతలి ఒడ్డు మీదనే ఉన్నడు. మనిషి సన్నవడ్డడు గని బాగనే ఉన్నడు. నీళ్లు జర తగ్గితె పుట్టి దాటుతడు. రేపో ఎల్లుండో ఇంట్లుంటడు."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. దాదీ కొంగు చాపి దువా చేసింది. వెంటనే పనిలో పడింది. "జుమేరాత్ దగ్గరనే ఉన్నది. గోధుమపిండి తియ్యి, బెల్లం కొట్టు. గల్లీ గల్లీ అంత దర్గాకు రావాలె. నా చేతుల్తోని ముడి ఇప్పుత."

నాన్న బతికి ఉన్నాడని విని నేను ఎగిరి గంతేయాలి. వేయలేదు. గల్లీ అంతా చూస్తుండగా దాదీ ముడి విప్పడం, సీసపు బిళ్ల బయటపడడం, దాని మీద నాన్న గీసిన గీత నాన్నే గుర్తుపట్టడం, అన్నీ కళ్ల ముందు కనబడ్డాయి. అల్లా సొమ్ము దొంగిలించినవాడినని నన్ను మసీదులోకి కూడా రానివ్వరనుకున్నాను. మేకల దొడ్డిలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాన పడుతోంది. పుట్టి అంటే ఏముంది, వెదురు బుట్టకు తోలు చుట్టినదే కదా, ఎర్రనీళ్లలో గిరగిరా తిరుగుతుంది కదా అనుకున్నాను. పుట్టి ఇవతలి ఒడ్డుకు రాకపోతే, అని అనుకున్నాను.

అనుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మాట పైకి రాలేదు కానీ లోపల పూర్తిగా, స్పష్టంగా అనుకున్నాను. ఎంతసేపని అడిగితే చెప్పలేను. రెప్పపాటే కావచ్చు. ఆ తర్వాత వచ్చిన భయానికి మేకల మధ్య దూరి, చెవులు మూసుకుని, అనుకున్నది వెనక్కి తీసుకో అని ఎవరినో వేడుకున్నాను.

నాన్న వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి, గడపలో నిలబడ్డాడు. దాదీ ఎదురెళ్లి ముందు ముఖం చూడలేదు, కుడి దండ చూసింది. అక్కడ ముడి లేదు.

"ఏదిరా?"

నాన్న అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు నీళ్లు తాగాడు. "ఆ తిమ్మాజిపేట పిలగానికి అవతలి రేవు కాడ గత్తర తగిలింది అమ్మా. ఆడ ఎవ్వరు లేరు, అందరు ఉరికిండ్రు. వాడు నా చెయ్యి ఇడువడు. 'నీ దండకున్నది నాకు గట్టు సాయిబూ, నేను మా అమ్మ తానికి పోవాలె' అని ఒకటే పాట. ఇప్పి కట్టిన. ఏం జేస్త మరి? బతుకలే. నేనే గుంత తీసి పెట్టొచ్చిన."

గడపలో రొట్టె తింటూ నవ్విన ముఖం నాకు కనబడింది. దాదీ కళ్లు తుడుచుకుంది. "మంచిగ చేసినవు కొడుకా. రాసిపెట్టినంతనే. మరి నా రూపాయి?"

నాన్న నా వైపు చూడలేదు. "ఇచ్చేసిన," అన్నాడు.

దాదీ తృప్తిగా తలూపింది. నాకు అర్థమైంది. మట్టి చేసేముందు ముడి విప్పాడు. చూశాడు.

 మర్నాడంతా, కొడితే బాగుండునని నేను ఆయన చుట్టూ తిరిగాను. మూడో రోజు దొడ్లో మేకలకు ఆకు వేస్తుంటే వెనక వచ్చి నిలబడి, "ఏడ పెట్టినవు?" అన్నాడు, అంతే. నేను అంగీ చేయి పైకి లాగాను. గుడ్డ విప్పాడు. దాని కింద గుండ్రంగా, ఎర్రగా, చెమటకాయలు పగిలిన పుండు. నాన్న ఆ పుండునే చాలాసేపు చూశాడు. 

"ఎందుకు తీసినవురా?"

"ఖీమత్ తెల్సుకుందామని."

"తెలిసెనా?"

నేను అంగీ చేయి కిందికి లాక్కున్నాను. నాన్న రూపాయి నడుముకు దోపుకున్నాడు. "నది తగ్గినంక తిమ్మాజిపేట పోవాలె. నాతోని నువ్వు గూడ వస్తవు. దాదీకి చెప్పకు, తట్టుకోదు."

ప్రయాణం రోజు దాదీ మా ఇద్దరి దండలకూ ముడులు కట్టింది. నాకు కడుతున్నప్పుడు పుండు చూసి ఏందని అడిగింది. గడ్డ లేచిందన్నాను. ఊది, పసుపు అద్ది, పక్కన కట్టింది. పుట్టి ఎక్కాక నది మధ్య సుడిలో అది ఒక్కసారి గిర్రున తిరిగింది. నాన్న నా మెడ వెనక చేయి వేసి దగ్గరికి లాక్కున్నాడు. నీళ్ల చప్పుడులో, ఆ చేతి కింద, మేకల దొడ్డిలో అనుకున్నది చెప్పేయాలని నోరు తెరిచాను. "భయమైతుందా? జరంత దూరం, అయిపాయె," అన్నాడు. నోరు మూసుకున్నాను.

తిమ్మాజిపేటలో ఆ ఇల్లు ఊరి చివర. తల్లి గడప ముందు ఆముదం కాయలు ఎండబోసుకుంటోంది. కొడుకు పోయిన మాట అప్పటికే ఎవరో చేరవేశారు. నాన్నను చూడగానే లేచి నిలబడింది, ఏడవలేదు. నాన్న రూపాయి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నీ కొడుకు కోసం కట్టిన పైస అమ్మా ఇది. బీదోల్లకు ఇచ్చేటిది. కని నీకే ఇయ్యాలెనని తెచ్చిన."

ఆమె అరచేతిలో దాన్ని చూసింది. "ఇది కట్టినా పోయిండా సాయిబూ?"

 ఆమె నాణేన్ని తిప్పి చూసి, అరిగిన ముఖం మీద వేలు రాసి, "మంచిదేనా ఇది?" అంది. నాన్న తల తిప్పి నన్ను చూశాడు.

"మంచిదే అవ్వా," అన్నాను.  ఆమె దాన్ని కళ్లకద్దుకుని కొంగున ముడివేసుకుంది.

తర్వాత అడిగింది. "ఏ దినం పోయిండు సాయిబూ? దినం తెలిస్తె ఏటేట ఇంత బువ్వ పెట్టుకుంట. వానొచ్చిన దినమా, అంతకు ముందా?"

నాన్న వేళ్ల మీద దినాలు లెక్కపెట్టసాగాడు. నేను లేచి పరుగెత్తాను. ఇల్లు దాటి, ఆముదపు చేలు దాటి, వాళ్ల మాటలు వినబడనంత దూరం పోయి, అయినా నమ్మకం లేక రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

గత్తర నీళ్లలో వస్తుందని, సీసానికీ వెండికీ దానితో సంబంధం లేదని తర్వాత చదువుకున్నాను. దొంగతనం సంగతి నాన్నకు తెలుసు. ఆయన నన్ను క్షమించాడనే అనుకుంటాను. దాని భారం నేను మోయగలిగాను. కానీ ఆ వాన మధ్యాహ్నం నేనొకటి కోరుకున్నాను. అది తన కొడుకు దగ్గరికి తిరిగి వచ్చే తండ్రి మీద పడకుండా, తల్లి దగ్గరికి పోవాలని ఏడ్చిన మరొక కొడుకు మీద పడిందా? వాడు అంతకుముందే పోయి ఉంటే నా కోరికకూ వాడి చావుకూ పొత్తు లేదు. ఒక్క రోజు పేరు తెలిస్తే చాలు, తేలిపోతుంది.

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఎన్నోసార్లు ఒకే మంచం మీద కూర్చుని పండ్లు ఏరుకున్నాం. అడిగితే చెప్పేవాడు. నేను అడగలేదు. నేను వినకూడదనుకున్న రోజు పేరే ఆయన నోటినుంచి వస్తుందేమోనని అడగలేదు. ఆ తల్లికి తెలుసు, ఏటేటా ఆ రోజున అన్నం పెట్టుకుంది. ఆమె కూడా పోయింది. ఇప్పుడు అడుగుదామన్నా చెప్పగల మనిషి ఈ భూమి మీద లేడు. నాన్న పోయిన కొత్తలో, ఇక ఎవరూ చెప్పలేరు కదా అని నాకు కొంత ధైర్యం వచ్చినట్టుండేది. ఇప్పుడు నన్ను భయపెడుతున్నది అదే.